లాభం పెరిగినా షేరు ఎందుకు పడింది?

అందరికీ నమస్కారం.

2013 ఏప్రిల్ 12, శుక్రవారం. ఇన్ఫోసిస్ ఆ పొద్దున త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. నష్టమేమీ రాలేదు, లాభం అంతకు ముందు ఏడాది కంటే కాస్త ఎక్కువే. అయినా సాయంత్రానికి షేరు 21 శాతం పడిపోయింది. కొత్త ఏడాదిలో డాలర్ ఆదాయం 6 నుంచి 10 శాతమే పెరుగుతుందని కంపెనీ గైడెన్స్, అంటే ముందస్తు అంచనా, ఇచ్చింది. ఐటీ ఎగుమతులు 12 నుంచి 14 శాతం పెరుగుతాయని ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ అప్పటికే చెప్పి ఉంది.

అంతకు మూడు నెలల ముందు, జనవరి 11న, ఇదే షేరు ఒక్కరోజులో దాదాపు 17 శాతం ఎగిరింది. కష్టాలు తీరిపోయాయని అందరూ అనుకున్నారు. ఏప్రిల్ దెబ్బ అంత గట్టిగా తగలడానికి సగం కారణం ఆ జనవరి సంబరమేనని నా లెక్క.

నిజానికి వేగం తగ్గుతోందని కంపెనీ లెక్కల్లోనే ఉంది. 2010-11లో డాలర్ ఆదాయం దాదాపు 26 శాతం పెరిగింది. తర్వాతి ఏడాది 16, ఆ తర్వాత 6 లోపే.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక కంపెనీ షేరుకు 10 రూపాయలు సంపాదిస్తోంది. ఏటా 20 శాతం పెరుగుతుందన్న నమ్మకంతో మనం 30 రెట్లు, అంటే 300 పెట్టి కొన్నాం. మరుసటి ఏడాది సంపాదన 11 అయింది. పెరిగింది కదా! కానీ ఇక పదిశాతమే అని తేలాక మార్కెట్ 20 రెట్లకు మించి ఇవ్వనంటుంది. షేరు 220కి వస్తుంది. లాభం పది శాతం పెరిగింది, మన డబ్బు నాలుగో వంతుకు పైగా పోయింది. టీవీలో 'రికార్డు లాభాలు' అని స్క్రోలింగ్ వస్తుంటే మన పోర్ట్‌ఫోలియో ఎర్రగా కనిపించేది ఇందుకే.

చివరికి 2013-14లో ఇన్ఫోసిస్ డాలర్ ఆదాయం 11.5 శాతం పెరిగింది, గైడెన్స్‌ను దాటేసింది. అలాగని అమ్మినవాళ్లు తెలివితక్కువవాళ్లు అనలేను. ఆరోజు వాళ్ల చేతిలో ఉన్నది 6 నుంచి 10 అన్న మాటే.

ఈ హాల్లో ఐటీ ఉద్యోగులు చాలామందే ఉన్నట్టున్నారు. మీ జీతం, బోనస్, కంపెనీ ఇచ్చిన షేర్లు మూడూ ఒకే వృద్ధి మీద ఆధారపడి ఉన్నాయి. పొదుపు కూడా అక్కడే పెట్టారా? ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.