గార్డుకు ఎంత అధికారం ఉంది?

వ్యాఖ్యాత: మియాపూర్ నుంచి కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి బాబూ.

కాలర్: నమస్కారం మేడమ్, నమస్కారం సార్. మా అమ్మ ఒక గేటెడ్ కమ్యూనిటీలో నాలుగిళ్లలో పని చేస్తుంది. పోయిన వారం ఒకింట్లో ఉంగరం కనబడలేదని గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆపేశారు. గార్డు రూమ్‌లో మూడు గంటలు కూర్చోబెట్టి, ఫోన్ లాక్కున్నారు. మగ గార్డే సంచి కింద కుమ్మరించి వెతికాడు. సాయంత్రానికి ఉంగరం వాళ్ల బాత్రూంలోనే దొరికింది. సారీ అన్నారు, అంతే. అమ్మ అప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు సార్.

న్యాయవాది: ముందు అమ్మగారికి నా మాటగా చెప్పు నాయనా, ఆమె తలదించుకోవాల్సిన పని లేదు. ఎవరినైనా అడిగారా?

కాలర్: అసోసియేషన్‌ని అడిగితే ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ వాళ్లేమో అసోసియేషన్ చెప్పిందే చేశామంటున్నారు.

న్యాయవాది: గార్డు ఏ యూనిఫాం వేసుకున్నా మామూలు పౌరుడే. తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం, అంటే బెయిలు హక్కుగా దొరకని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగితే పౌరుడెవరైనా పట్టుకోవచ్చు. పట్టుకుంటే వెంటనే, ఆరు గంటలు దాటకుండా పోలీసులకు అప్పగించాలి. అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 40వ సెక్షన్ అదే చెబుతుంది. ఇక్కడ కళ్లెదుట ఏమీ జరగలేదు. అనుమానం ఉంటే 112కి ఫోన్ చేయాలి. అమ్మగారు ఇష్టపడి చూపిస్తే సంచి చూడొచ్చు గానీ, లాక్కుని కుమ్మరించే హక్కు లేదు. అలా గదిలో ఉంచడం అక్రమ నిర్బంధం. నేరాలు, శిక్షలు చెప్పే చట్టం బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, 127వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాలర్: మరి ఆ ఏజెన్సీ సంగతి సార్?

న్యాయవాది: దాన్ని వదలకూడదు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు 2005లో చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపడమే నేరం, దానికి కూడా ఏడాది వరకు జైలు ఉంది. ఆఫీసులో లైసెన్సు అందరికీ కనిపించేలా పెట్టాలి. వెళ్లి చూడండి. ఆ లైసెన్సు రద్దు చేసే అధికారం హోం శాఖలోని కంట్రోలింగ్ అథారిటీకి ఉంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దాని కాపీ జతచేసి అక్కడికీ పంపండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

వ్యాఖ్యాత: లైన్‌లోనే ఉండండి బాబూ. గాజువాక నుంచి ఒక గార్డు మాట్లాడతారట.

రెండో కాలర్: నమస్కారమండి. ఆ తల్లి విషయం విని మనసు బాధపడింది. నేను ఆరేళ్లుగా ఈ డ్యూటీలో ఉన్నాను. చేరిన రోజే యూనిఫాం ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టారు. దానికి డబ్బు జీతంలోంచే పట్టుకున్నారు. ఎవరిని ఆపాలో, ఎవరిని ఆపకూడదో ఒక్కరోజూ చెప్పలేదు. ఏదైనా గొడవైతే మాత్రం ముందు తీసేసేది మమ్మల్నే.

న్యాయవాది: మీరు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. ఆ 2005 చట్టం కింద కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్, అంటే నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు ఫీల్డ్‌లో శిక్షణ ఇవ్వాలి. అది కనీసం 20 పనిదినాలు సాగాలి. శిక్షణ లేని మనిషిని గేటు దగ్గర పెట్టడం ఏజెన్సీ తప్పు. కనీస వేతనం, పీఎఫ్ లాంటి చట్టాలు ఉల్లంఘించినా లైసెన్సు రద్దు చేయవచ్చు. మీ ఐడీ కార్డు, జీతం పడిన వివరాలు దాచుకోండి.

కాలర్: సార్, మేం ఫిర్యాదులో అమ్మను ఆపిన గార్డు ఒక్కడి పేరే రాద్దామనుకున్నాం.

న్యాయవాది: అతని పేరుతో పాటు ఏజెన్సీ పేరు, ఆపమని చెప్పినవాళ్ల పేర్లు కూడా రాయండి. అంతకన్నా ముందు, ఇవాళే అసోసియేషన్‌కు ఒక లెటర్ ఇవ్వండి. ఆ రోజు గేటు, గార్డు రూమ్ సీసీ కెమెరా రికార్డింగ్ చెరపవద్దని రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. కొద్ది రోజులైతే దాని మీద కొత్తది రికార్డయిపోతుంది.

కాలర్: ఇప్పుడే వెళ్తాను సార్.