టన్ను ఫోన్లు, 300 గ్రాముల బంగారం

నమస్కారం. బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ వ్యాపారులూ ఇంజనీరింగ్ విద్యార్థులూ కలిసే కూర్చున్నారు కాబట్టి ఇద్దరికీ పనికొచ్చే లెక్కతో మొదలుపెడతాను. మన పక్కనున్న కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. గనిలో టన్ను రాతికి 5 గ్రాముల బంగారం వస్తే మంచి ఖనిజమే. బ్యాటరీలు తీసేసిన టన్ను పాత ఫోన్లలో సుమారు 300 గ్రాములుంటుంది. ఒక్కో ఫోన్‌కు చూస్తే 30 మిల్లీగ్రాములే. అందుకే చేజారినా కంటికి ఆనదు.

ముందు బ్యాటరీ. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే లోపల షార్టై మంట లేస్తుంది. పలచటి ప్లాస్టిక్ పట్టీ వాడండి. ఉబ్బినవాటిని పొడి ఇసుకలో విడిగా ఉంచండి. సర్క్యూట్ బోర్డును చేత్తోనే తీయాలి. ఫోన్‌ను మొత్తంగా క్రషర్‌లో పడేస్తే పని తొందరగా అవుతుంది, బంగారు పూత మాత్రం దుమ్ములోకీ ప్లాస్టిక్ ముక్కల్లోకీ పోతుంది.

ఇక యాసిడ్. బోర్డు నుంచి కత్తిరించిన, బంగారు పూత ఉన్న కనెక్టర్లను చాలామంది నేరుగా నైట్రిక్‌లో వేస్తారు. సోల్డర్‌లోని తగరం అందులో తెల్లటి జిగురుముద్దవుతుంది, బంగారు రేకులు దాంట్లో ఇరుక్కుంటాయి, ఫిల్టర్ మూసుకుపోతుంది. కాబట్టి మొదట హైడ్రోక్లోరిక్‌తో తగరం తీసి, బాగా కడిగి, ఆ తర్వాతే రాగి కోసం నైట్రిక్. కడగడంలో బద్ధకిస్తే రెండు యాసిడ్లూ కలిసి కొంత బంగారాన్ని అప్పుడే కరిగించేస్తాయి.

మిగిలిన బంగారు రేకులను కరిగించడానికి ఆక్వా రీజియా: మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్. నైట్రిక్‌ను కొద్దికొద్దిగా పోయండి. అది మిగిలిపోతే, కరిగిన బంగారాన్ని పొడిగా అడుగుకు దించే సోడియం మెటాబైసల్ఫైట్ ఎంత వేసినా బంగారం దిగదు. దిగినా మళ్లీ కరుగుతుంది. బుడగలు ఆగేదాకా సల్ఫామిక్ యాసిడ్ వేసి ఆ మిగులు నైట్రిక్‌ను వదిలించుకోవాలి. అడుగున చేరేది గోధుమరంగు పొడి, మెరుపు కోసం వెతక్కండి. పైనున్న ద్రావణం చుక్కకు స్టానస్ క్లోరైడ్ తగిలిస్తే ఊదారంగు వచ్చిందా, బంగారం ఇంకా ఉన్నట్టే.

ఇదంతా పొగను లాగేసే ఫ్యూమ్ హుడ్, ఆ పొగను కడిగి శుద్ధిచేసే స్క్రబ్బర్ ఉన్నచోట, అనుమతితో చేసే పని. మేడమీద బకెట్లతో కాదు. నైట్రిక్ నుంచి లేచే ఎర్రటి పొగ పీల్చినవాడు సాయంత్రం దాకా బాగానే తిరుగుతాడు, రాత్రికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

యాసిడ్ జోలికి పోకుండా బోర్డులను లోహాలు కరిగించే పెద్ద కర్మాగారాలకు, అంటే స్మెల్టర్లకు అమ్మడమే చాలామందికి మేలని నా అభిప్రాయం. అక్కడ కరిగిన రాగి బంగారాన్నీ వెండినీ పల్లాడియాన్నీ తనలోకి లాక్కుంటుంది. తర్వాత ఎలక్ట్రాలిసిస్‌లో అవి అడుగు బురదగా విడిపోతాయి. టాంటలం అనే లోహం మాత్రం చిట్టెంలోకి, అంటే కరిగించాక మిగిలే వ్యర్థంలోకి, పోతుంది. కాబట్టి టాంటలం కెపాసిటర్లను బోర్డు అమ్మేముందే ఊడదీసి వేరే డబ్బాలో వేసుకోండి.