కిడ్నీ జబ్బున్న మాజీ సైనికులకు వ్యాయామం: పరీక్షించి చూడాలంటే ఏం కావాలి

శ్రోతలకు నమస్కారం.

సైన్యంలో సిపాయిగా చేరినవాళ్లలో చాలామంది నలభై ఏళ్లు అటూ ఇటూ కాగానే పింఛనుతో ఇంటికి వస్తారు. వచ్చాక ఏ బ్యాంకు దగ్గరో, గోదాము దగ్గరో పన్నెండు గంటల సెక్యూరిటీ డ్యూటీ. పొద్దున పరుగు ఆగిపోతుంది, తిండి మాత్రం అట్లనే ఉంటుంది. యాభై దాటేసరికి బీపీ, షుగర్ పట్టుకుంటాయి. వాటి వెనకే చడీచప్పుడు లేకుండా కిడ్నీ జబ్బు వస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడమో, కిడ్నీలు వడగట్టే వేగం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గడమో మూడు నెలలకు మించి కనిపిస్తే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం.

ఇలాంటివాళ్లను ఇంట్లో కదలనియ్యరు. "కిడ్నీ పాడైంది, బరువు పనులు చెయ్యకు బాపూ, పండుకో" అంటారు. ప్రేమతో చెప్పే మాటే, కానీ నష్టం చేస్తుంది. ఈ జబ్బులో కండ మామూలు కంటే తొందరగా కరుగుతుంది. రక్తంలో ఆమ్లం పెరగడం, రక్తం తగ్గడం, ఆకలి లేకపోవడం, దానికి తోడు కదలకపోవడం, అన్నీ కలిసి ముందు తొడల్లో బలాన్ని తీసేస్తాయి. అందుకే కిడ్నీ జబ్బులకు అంతర్జాతీయంగా మార్గదర్శకాలు ఇచ్చే కేడిగో సంస్థ, 2024 పత్రంలో కూడా, వారానికి మొత్తం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ చెయ్యమంటుంది. గుండె, ఒళ్లు ఓర్చుకున్నంత వరకే అని కూడా చెప్తుంది.

ఇలాంటి శ్రమ మన దగ్గర, మన ఎండలో, మన మనుషులకు పనిచేస్తుందా? తెలుసుకోవాలంటే మందును పరీక్షించినట్టే వ్యాయామాన్నీ పరీక్షించాలి. మాజీ సైనికుల పాలీక్లినిక్కుల్లోనో, పెద్దాసుపత్రుల కిడ్నీ విభాగాల్లోనో ఎవరైనా ఈ పని తలపెడితే ఏం చూసుకోవాలో ఈ ప్రసంగంలో చెప్తాం. పరీక్షలో పేరు ఇయ్యాలనుకునే మాజీ సైనికులకూ ఇది పనికొస్తుంది.

ముందు ఇప్పటికే జరిగిన ఒక పరీక్ష సంగతి. అమెరికాలో షికాగో దగ్గర హైన్స్ అనే చోట మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. అక్కడి వైద్యులు ఊబకాయం, షుగర్, కిడ్నీ జబ్బు మూడూ ఉన్న 36 మందిని రెండు గుంపులు చేసి, 2016లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు ఆహార నియమం, వ్యాయామం రెండూ, ఇంకో గుంపుకు ఆహార నియమం ఒక్కటే. 12 వారాలు ఆసుపత్రిలో దగ్గరుండి చేయించారు, తర్వాత 40 వారాలు ఇంటి దగ్గర చేసుకొమ్మన్నారు. 12 వారాల దగ్గర ట్రెడ్‌మిల్ మీద నడిచే శక్తి బాగా పెరిగింది. 52 వారాలకు చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. మూత్రంలో పోయే ప్రోటీన్ తగ్గలేదు.

దీన్ని చూసి వ్యాయామం దండగ అనుకోవద్దు. కనిపెట్టి ఉండే మనిషి లేకపోతే ఇంటి వ్యాయామం నిలవడం కష్టమని ఒక పాఠం. కిడ్నీ పరీక్షల అంకెలు మారకపోయినా కాళ్లకు బలం రావచ్చని రెండోది. కాబట్టి మన పరీక్షలో కొలవాల్సిన మొదటి సంగతి క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే అంకె, అని మేమనుకోం. మనిషి ఎంత దూరం నడవగలుగుతున్నాడు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలుగుతున్నాడు, ఈ రెండే ముందు చూడాలి.

ఆరు నిమిషాల నడక పరీక్షకు 30 మీటర్ల చదునైన వరండా కావాలి. రెండు చివర్ల గుర్తులు పెట్టి, ప్రతి 3 మీటర్లకు నేల మీద సుద్దగీత గీస్తారు. ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి బీపీ, నాడి చూస్తారు. "వీలైనంత దూరం నడవండి, పరుగెత్తొద్దు, అలసిపోతే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు" అని అందరికీ ఒకే తీరుగా చెప్పాలి. మాజీ సైనికులతో చిక్కు వచ్చేది ఇక్కడే. మొదటి రెండు నిమిషాలు పరేడ్‌లో ఉన్నట్టు దూకుడుగా నడిచి, నాలుగో నిమిషానికి గోడ పట్టుకుంటారు. పక్కనున్న సిబ్బంది "శాబాష్ సుబేదార్ సాబ్, ఇంకొంచెం" అని ఉత్సాహపరిస్తే ఆ ఒక్కరి దూరం పెరుగుతుంది, లెక్క చెడుతుంది. నిమిషానికొకసారి, రాసిపెట్టుకున్న ఒకే వాక్యం తప్ప ఇంకేమీ అనొద్దు. రెండోసారి నడిచినప్పుడు అలవాటు వల్లనే దూరం కొంత పెరుగుతుంది. అందుకని మొదట్లోనే అరగంటకు తక్కువ కాని విరామంతో రెండుసార్లు నడిపించి, ఎక్కువ వచ్చిన దూరం రాసుకోవాలి. లేకపోతే ఆ అలవాటునే వ్యాయామ ఫలితం అనుకుంటాం.

కుర్చీ పరీక్ష చూడ్డానికి చిన్నదే. చేతులు లేని కుర్చీ, ఎత్తు 43 సెంటీమీటర్లు, వీపు వైపు గోడకు ఆనించాలి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకొని 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చుంటారో లెక్క. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు, బరువుకు వంగుతుంది. మొదటిరోజు వాడిన కుర్చీనే చివరిరోజూ వాడాలి. ఏడోసారో ఎనిమిదోసారో చెయ్యి దానంతటది జారి తొడ మీదికి వచ్చి నొక్కుతుంది, చాలాసార్లు ఆ మనిషికే తెలియదు. అట్ల లేస్తే ఆ లేవడం లెక్కకు రాదు. అమెరికా వాళ్ల కొలతల ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 కంటే, 65 నుంచి 69 ఏళ్లవాళ్లు 12 కంటే తక్కువసార్లు లేస్తే సగటు కంటే బలం తక్కువున్నట్టు.

క్రియాటినిన్ చూడొద్దని కాదు, చూసే పద్ధతి తెలియాలి. క్రియాటినిన్ పుట్టేదే కండలోంచి. మూడు నెలల వ్యాయామంతో కండ పెరిగితే కిడ్నీ చెక్కుచెదరకున్నా ఆ అంకె కొంచెం ఎక్కొచ్చు. మంచం పట్టి కండ కరిగినాయన అంకె తగ్గి, కిడ్నీ బాగైనట్టు భ్రమ పుట్టొచ్చు. అందుకే ఇలాంటి పరీక్షలో సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష కూడా చేర్చడం మంచిది. ఖర్చు ఎక్కువే, కానీ దానికి కండతో పెద్దగా సంబంధం లేదు. గట్టిగా వ్యాయామం చేసిన మరుసటి రోజు వరకూ క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ రెండూ తాత్కాలికంగా పెరగొచ్చు కాబట్టి చివరి వ్యాయామానికీ రక్తం ఇవ్వడానికీ మధ్య రెండు రోజులు విడుపు ఉంచాలి. ఆదివారం మటన్ తిని సోమవారం పొద్దున రక్తం ఇయ్యొద్దు, ఉడికిన మాంసం కూడా క్రియాటినిన్‌ను పెంచుతుంది.

వ్యాయామం చేసే గుంపు ఒకటి, ఇప్పుడే చెయ్యని గుంపు ఇంకోటి. ఎవరు ఏ గుంపులోకి అన్నది చీటీయే తేల్చాలి, ఇష్టాన్ని బట్టి కాదు. ఇష్టపడి ముందుకొచ్చేవాళ్లు మొదటినుంచీ కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లే అవుతారు. చీటీల్ని లోపలిది కనిపించని కవర్లలో పెట్టి, కవర్ల మీద ముందే వరుస అంకెలు వేసి ఉంచాలి. కొలతలు తీసే మనిషికి ఎవరు ఏ గుంపో తెలియనివ్వొద్దు. రెండో గుంపుకు అన్యాయం జరగకుండా 12 వారాల తర్వాత వాళ్లకూ ఇదే వ్యాయామం నేర్పాలి. మాజీ సైనికుల్లో ఒకే రెజిమెంటులో చేసినవాళ్లు, ఒకే కాలనీలో ఉండేవాళ్లు ఎక్కువ. ఒకరు నేర్చుకున్నది సాయంత్రానికి ఇంకొకరికి నేర్పేస్తారు. అలాంటి స్నేహితుల్ని ఒకే కవర్ కింద ఒకే గుంపులో వెయ్యాలి.

ఎంతమంది కావాలి? నడక దూరంలో 30 మీటర్ల తేడా పట్టుకోవాలనుకుందాం. మనిషికీ మనిషికీ వచ్చే మార్పులో హెచ్చుతగ్గులు, అంటే ప్రామాణిక విచలనం, 50 మీటర్లు అనుకుంటే గుంపుకు సుమారు 44 మంది కావాలి. మధ్యలో ఐదింట ఒకరు మానేస్తారని లెక్కేస్తే 55 మంది. మానేసినవాళ్లను కూడా వాళ్ల గుంపులోనే ఉంచి లెక్క చూడాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు, తెలుగులో అంగీకార పత్రం, ఇవన్నీ మొదటి మనిషిని చేర్చుకోకముందే అయిపోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. ఫిబ్రవరిలో మొదలుపెడితే 12 వారాలు పూర్తయ్యేది మే నెల ఎండల్లో. వరంగల్‌లో అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది, నడక దూరం దానంతటదే పడిపోతుంది. బతుకమ్మ, దసరా కాగానే మొదలుపెడితే సంక్రాంతి నాటికి ముగుస్తుంది.

ఇక వ్యాయామం. నడక వారానికి మూడు రోజులు, మొదటి వారం 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 2, 3 నిమిషాలు పెంచుతూ 30కి చేరాలి. నడకకు ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా నడవాలి. బలం కోసం వారానికి రెండు రోజులు, పక్కపక్క రోజులు కాకుండా. కుర్చీలోంచి లేవడం 8 సార్లు, గోడ పట్టుకొని మడమలు లేపడం 10 సార్లు, లీటరు నీళ్ల సీసాతో మోచేయి మడవడం 10 సార్లు, ఇదంతా రెండు విడతలు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. బీటా బ్లాకర్ జాతి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి అంతగా పెరగదు కాబట్టి నాడిని చూసి శ్రమను కొలవలేం. శ్రమ ఎంత అనిపిస్తుందో ఆ మనిషే అంకెతో చెప్పే బోర్గ్ కొలత 6 నుంచి 20 దాకా ఉంటుంది, అందులో 12, 13 దగ్గర ఉండాలి. అంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అడిగితే "ఠీక్ హై" అనేవాళ్లే ఎక్కువ, అందుకే ముఖం, మాట రెండూ గమనించాలి.

బీపీ పై అంకె 180 కానీ, కింది అంకె 110 కానీ దాటిన రోజు, జ్వరమున్న రోజు, కాళ్లవాపుతో ఆయాసం ఎక్కువైన రోజు వ్యాయామం లేదు. ఛాతీలో బరువు అనిపిస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. కంటిలో రక్తస్రావం అయినవాళ్లు కంటి డాక్టర్ చెప్పేదాకా బరువులు ఎత్తొద్దు. కిడ్నీ జబ్బులో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. వ్యాయామం తోడైతే షుగర్ పడిపోవచ్చు, జేబులో మూడు చెంచాల చక్కెర పొట్లం ఉండాలి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఫిస్టులా, అంటే సూది గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వొద్దు, ఆ చేత్తో ఏం ఎత్తొచ్చో డాక్టర్‌ను అడగాలి.

అన్నిటికంటే మాకు భయం కలిగించేది మొదటి రెండు వారాల ఒళ్లునొప్పులు. నొప్పి రాగానే ఊళ్లోని ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడమో, మందుల షాపులో ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగడమో మన దగ్గర మామూలు. ఈ మందులు కిడ్నీకి రక్తం తీసుకుపోయే నాళాల్ని బిగిస్తాయి. బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయే మాత్ర, ఎండకు నీరసించిన ఒళ్లు వీటికి తోడైతే ఒక్క వారంలో కిడ్నీ దెబ్బతినొచ్చు. ఆ తప్పు వ్యాయామం మీద పడుతుంది. కాబట్టి పరీక్షలో ప్రతి వారం "ఏ గోలీ వేసుకున్నరు, ఏ సూది వేయించుకున్నరు?" అని అడిగి రాసుకోవాలి. నొప్పికి కాపడం, ఒక రోజు విశ్రాంతి, అవసరమైతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ సరిపోతాయి. మూత్రం నల్లటి టీ రంగులో వస్తే మాత్రం ఇంటి దగ్గర ఆగొద్దు, అదే రోజు ఆసుపత్రిలో చూపించుకోవాలి.

నమస్కారం.