శత్రువు అయిపోని ఆట

అందరికీ నమస్కారం.

గేములు మంచివా చెడ్డవా అన్న వాదన మీ ఇళ్లలో రోజూ నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఇక్కడికి తీసుకురాను. చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్నలు కొన్నున్నాయి, అవి మీ ముందు పెడతాను. గేములో మనం కాల్చేది ఎవర్ని? ఆ మనిషి అలాగే కనిపించాలని నిర్ణయించింది ఎవరు? మన గంటలు గంటలు అక్కడే ఎందుకు పోతున్నాయి? ఇవి వేరువేరు ప్రశ్నలని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అన్నీ ఒకటే అనిపిస్తోంది.

నా సంగతితోనే మొదలుపెడతాను. 2003లో గుంటూరులో ఇంటర్ చదివేవాణ్ణి. ఆదివారం హాస్టల్లో అవుటింగ్ ఇస్తే నేరుగా బ్రాడీపేటలో నెట్ సెంటర్‌కే. గంటకి పదిహేను రూపాయలు. ప్లైవుడ్ క్యాబిన్లు, ఎనిమిది సిస్టమ్‌లు, ఎనిమిదింటిలోనూ ప్రాజెక్ట్ ఐజీఐ అనే తుపాకుల గేమే. ఒకడు ఆడుతుంటే ముగ్గురం వెనకాల నిలబడి "రేయ్, టవర్ మీద స్నైపర్! టవర్ మీద!" అని అరిచేవాళ్లం. నార్వేలో తయారై 2000 చివర్లో విడుదలైన ఆ గేములో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. గేటు దాటి, కెమెరా తప్పించుకుని, నిచ్చెనెక్కి, తీరా చివరి గదిలో చచ్చిపోతే మళ్లీ మొదటినుంచీ. అలారం మోగిందంటే బ్యారక్స్‌లోంచి గార్డులు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లు.

ఆ గేట్లు నాకింకా గుర్తున్నాయి. అలారం చప్పుడు గుర్తుంది. అన్ని వందలసార్లు కాల్చిన గార్డుల్లో ఒక్కడి మొహం కూడా గుర్తులేదు. వాళ్ల మొహంలోకి చూడాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. గుర్తుండకుండా ఉండేలాగే వాళ్లని తయారు చేస్తారని చాలా తర్వాత తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ కోసం స్పేస్ ఇన్వేడర్స్ చేసిన తొమొహిరో నిషికాడో ముందు ట్యాంకులు, విమానాలు, సైనికులు అనుకున్నాడు. మనుషుల్ని కాల్చడం బాగుండదని కంపెనీలో ఒప్పుకోలేదు. అందుకని పీతల్లా, ఆక్టోపస్‌ల్లా ఉండే గ్రహాంతర జీవుల్ని గీశాడు. అయిదు వరసలు, వరసకి పదకొండు. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ జీవులు చస్తూ తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా మీదికొస్తాయి. ఎవరో ముందే ఆలోచించి అలా చెయ్యలేదు. యాభై అయిదు బొమ్మల్ని కదపడం అప్పటి చిప్‌కి భారం. బొమ్మలు తగ్గితే భారం తగ్గి వేగం పెరిగింది. బాగుందని నిషికాడో అలాగే ఉంచేశాడు. ఆడేవాళ్లకి మాత్రం శత్రువు తెగించి మీదపడుతున్నట్టు అనిపించింది. చిప్ తేలికపడితే మన కంటికి అది శత్రువు కోపంలా కనిపించింది.

మనిషిని కాల్చకూడదన్న ఆ బిడియం ఎక్కువ కాలం నిలవలేదు. దాని బదులు ముసుగులు వచ్చాయి. 1997లో కార్మగెడాన్ అనే కార్ల గేము వచ్చింది. దారిన పోయేవాళ్లని గుద్దడమే అందులో ఆట. బ్రిటన్‌లో సెన్సార్ బోర్డు మొదట సర్టిఫికెట్ ఇవ్వలేదు. అప్పుడు అదే మనుషులకి ఆకుపచ్చ రక్తం పెట్టి జాంబీలన్నారు. జర్మనీకి పంపేటప్పుడు రోబోలుగా మార్చారు. రోడ్డు అదే, కారు అదే, గుద్దుడూ అదే. రక్తం రంగు మారేసరికి చచ్చేది మనిషి కాకుండా పోయింది.

మన దగ్గరా అంతే. పబ్జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు. మరుసటి ఏడాది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చినప్పుడు రక్తం ఆకుపచ్చగా మారింది, 'కిల్' పోయి 'ఫినిష్' వచ్చింది. చైనాలో 2019లో వచ్చిన వెర్షన్‌లోనైతే తూటా తగిలినవాడు మోకాళ్ల మీద కూర్చుని, తన సామాన్ల పెట్టె అప్పగించి, చెయ్యి ఊపి టాటా చెప్పి మాయమైపోతాడు. పదేళ్ల పిల్లాడి కళ్లకి ఎర్ర రక్తం చూపించకపోవడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే వాళ్లు దాచింది నొప్పిని. కాల్పులు ఎప్పట్లాగే ఉన్నాయి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసిన గేము దగ్గరికొస్తాను. పేరు అమెరికాస్ ఆర్మీ. దాన్ని చేయించింది సాక్షాత్తూ అమెరికా సైన్యం. 2002 జులై 4న, వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవం రోజున, ఉచితంగా విడుదల చేశారు. కుర్రాళ్లకి సైన్యం మీద ఆసక్తి పుట్టించి చేర్చుకోవడం దాని ఉద్దేశం. ఆ సంగతి వాళ్లు దాచుకోలేదు కూడా.

ఇందులో రెండు జట్లు తలపడతాయి. మీరు ఏ జట్టులో చేరినా మీ స్క్రీన్ మీద మీరు అమెరికన్ సైనికుడే, మీ పక్కవాళ్లూ అమెరికన్ సైనికులే. అవతలివాళ్లు శత్రువుల్లా కనిపిస్తారు. ఇప్పుడు లేచి వెళ్లి అవతలి కుర్రాడి వెనకాల నిలబడి వాడి స్క్రీన్ చూడండి. అక్కడ వాడు అమెరికన్ సైనికుడు, మీరు శత్రువు. మీ చేతిలోని అమెరికన్ రైఫిల్ వాడికి ఏకే-47లా కనిపిస్తుంది. వాడి రైఫిల్ మీకు ఏకే-47లా కనిపిస్తుంది. 2022లో సర్వర్లు ఆపేసేదాకా ఆ పేరుతో గేములు ఇరవై ఏళ్లు నడిచాయి. ఆ మ్యాచుల్లో శత్రువునని తెలిసి తుపాకీ పట్టినవాడు ఎవడూ లేడు. అయినా ప్రతి మ్యాచ్‌లోనూ శత్రువులు కుప్పలుగా చచ్చారు.

ఇది చదివిన రోజు నేను చాలాసేపు కదలకుండా కూర్చున్నాను. కౌంటర్ స్ట్రైక్ అని ఇంకో కాల్పుల గేముంది, అందులో పోలీసులు ఒక జట్టు, టెర్రరిస్టులు ఇంకో జట్టు. మ్యాచ్‌లో సగం ఆట అయ్యాక జట్లు మారతాయి. అటు నుంచి కూడా ఒకసారి చూడాల్సి వస్తుంది. ఇక్కడ ఆ చిన్న అవకాశం కూడా లేకుండా చేశారు.

శత్రువుని తయారు చెయ్యడంలో ఇంకో రకం ఉంది, శత్రువు ఊరు ఎలా ఉంటుందన్నది. 2009లో వచ్చిన ఒక కాల్ ఆఫ్ డ్యూటీ గేములో కరాచీ పేరుతో ఒక మ్యాప్ ఉంది. సందులు, మేడలు, కరెంటు తీగలు, అన్నీ శ్రద్ధగానే కట్టారు. బోర్డుల మీద రాతలు మాత్రం అరబిక్. కరాచీలో బోర్డులు ఉర్దూలో ఉంటాయి. మన హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ చదవడం వచ్చిన పిల్లాణ్ణి ఎవర్ని అడిగినా తేడా చెప్పేస్తాడు. తుపాకీ గొట్టం మీద గీతలు కూడా పొల్లుపోకుండా గీసే కంపెనీకి, అక్కడ బతికేవాళ్లు ఏ భాషలో బోర్డు రాసుకుంటారో కనుక్కోవాలని తోచలేదు. కోట్లమంది ఆ గోడల పక్కన నక్కి కూర్చుని ఆడారు.

కరాచీ బోర్డులు పొరపాటే అనుకుందాం. 2019లో అదే సిరీస్‌లో వచ్చిన గేములో 'హైవే ఆఫ్ డెత్' అనే చోటు వస్తుంది. ఊహాదేశంలో రష్యన్లు బాంబులేసిన రోడ్డు అది. అసలు ఆ పేరున్న రోడ్డు కువైట్ నుంచి ఇరాక్‌లోని బాస్రా వైపు పోతుంది. 1991 ఫిబ్రవరిలో వెనక్కి పోతున్న ఇరాకీ బళ్ల వరస మీద అక్కడ బాంబులు కురిపించింది అమెరికా, దాని మిత్రదేశాల విమానాలు. పేరు ఉంచి, చేసినవాళ్లని మార్చారు. పదహారేళ్ల కుర్రాడికి ఆ పేరు మొట్టమొదట వినబడేది ఈ గేములోనే అయితే, వాడి బుర్రలో నిలిచేది ఏది?

మన ఇంటి సంగతి కూడా చెప్పకుండా పోతే న్యాయం కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు ఇరవై మంది అమరులయ్యారు. వాళ్లని నడిపించిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మరుసటి రిపబ్లిక్ డేకి ఆయనకి మహావీర చక్ర ప్రకటించారు. అదే జనవరి 26న గల్వాన్ నేపథ్యంగా ఫౌజీ అనే మొబైల్ గేము విడుదలైంది. తుపాకుల్లేకుండా చేతులతో, కర్రలతో కొట్టుకునే ఆట. దాన్ని డౌన్‌లోడ్ చేసుకున్న కుర్రాళ్ల దేశభక్తిని నేను శంకించను. నేనూ డౌన్‌లోడ్ చేశాను. ఆడుతుంటే అవతలివాళ్లు వస్తున్నారు, కొడితే పడుతున్నారు, మళ్లీ వస్తున్నారు. ఒక ఇంట్లో అప్పటికి ఏడాది కూడా తిరగని దుఃఖం అది. నాకు వేళ్లు ఆడలేదు, ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు గంటల సంగతి. ఐజీఐలో పద్నాలుగు మిషన్లు. అవి అయితే ఆట అయిపోయినట్టే, అంటే శత్రువులు అయిపోయినట్టే. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, బీజీఎంఐ ఆడతాడు. వాడి ఆట ఎప్పటికీ అయిపోదు. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తున్నాను. ఎదురుగా ఒకణ్ణి కొట్టి, మొహం చిట్లించాడు. "బాట్ మామయ్యా" అన్నాడు. బాట్ అంటే మనిషి కాకుండా కంప్యూటరే ఆడించే బొమ్మ. ఎలా తెలిసిందిరా అంటే చెప్పాడు. బాట్ నిటారుగా నడుస్తుందట. చెట్టు చాటుకి పోదట. కాల్పులు మొదలైనా అక్కడే నిలబడి ఉంటుందట. "బాట్‌ని కొడితే ఏముంటుంది మామయ్యా? మనిషైతేనే మజా. వాడికి భయం ఉంటది కదా."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. గేము చేసేవాళ్లు రంగులు మార్చి, మొహాలు తీసేసి, మనిషిని మనిషిలా కనబడకుండా చెయ్యడానికి ఇంత శ్రమపడుతుంటే, ఆడే పిల్లాడు ఆ ముసుగు వెనక మనిషి కోసమే వెతుక్కుంటున్నాడు. ఆ మనిషి ఉన్నాడు కాబట్టే ఆట అయిపోదు. యంత్రం చేసిన గార్డుని రెండు రోజుల్లో చదివేస్తాం. ఇంకో పిల్లాణ్ణి చదవలేం. వాడు కూడా రోజూ నేర్చుకుంటాడు. రాత్రి పన్నెండైనా ఎక్కడో ఒకడు లేచే ఉంటాడు. మన గంటలు మింగేది వాడే, వాడి గంటలు మింగేది మనమే. పద్దెనిమిది నిండనివాళ్లకి బీజీఎంఐ రోజుకి మూడు గంటల పరిమితి పెట్టింది. 2021లో చైనా అయితే శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిదాకా మాత్రమే అంది. గడియారం పెడితే కొంత ఆగుతుందేమో. మా వాడైతే వాళ్లమ్మ నంబర్‌తో లాగిన్ అయి ఆడుతున్నాడు.

చచ్చినవాడి సంగతి కూడా ఒక్కటి చెప్పాలి. చాలా గేముల్లో శవం కాసేపట్లో మాయమైపోతుంది. మెమరీ ఆదా. మన రామాయణంలో రావణుడు పడిపోయాక కథ ముందుకి పరిగెత్తదు. మండోదరి ఏడుపు వినాలి. అంత్యక్రియలకి వెనకాడుతున్న విభీషణుడితో రాముడు 'మరణాంతాని వైరాణి' అంటాడు. చావుతో పగ అయిపోయింది, ఇక వీడు నాకూ అన్నలాంటివాడే అంటాడు. గేములు చేసేవాళ్లలోనూ ఆ దారి వెతికినవాళ్లున్నారు. 2004లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 3లో ఒకచోట నదిలో నడవాలి. అప్పటిదాకా మీరు చంపినవాళ్లంతా ఆ నీళ్లలో ఎదురొస్తారు. ఎక్కువమందిని చంపి ఉంటే ఎక్కువసేపు నడవాలి. 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగంలో మీరు ఒకణ్ణి చంపితే, వాడి స్నేహితుడు వాణ్ణి పేరు పెట్టి పిలిచి అరుస్తాడు. పేరు వినబడగానే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆడి చూడండి, మీకే తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి మా వాడు వరండాలో కూర్చుని ఆడుతున్నాడు. ఒకణ్ణి నాక్ చేశాడు. కిందపడ్డవాడు పాకుతున్నాడు. ఫోన్‌లోంచి సన్నగా ఓ గొంతు, పన్నెండు పదమూడేళ్లు ఉంటాయేమో, "అన్నా... అన్నా, వదిలెయ్ అన్నా" అంది. అచ్చ తెలుగు. మా వాడి బొటనవేలు గాల్లో అలాగే ఆగిపోయింది. ఇంతలో వాడి టీమ్‌మేట్ ఎవడో వచ్చి ఫినిష్ చేసేశాడు. వాడు ఫోన్ ఒళ్లో పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఎవర్రా వాడు?" అన్నాను.

"తెలీదు మామయ్యా. మనోడే."