హలో టెక్: విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్ మీద ఫోన్-ఇన్

యాంకర్: మొదటి కాలర్ లైన్లో ఉన్నారు. హలో, ఎక్కడ్నుంచండి?

కాలర్: హలో... హలో మేడమ్, వినబడుతుందాండి?

యాంకర్: టీవీ సౌండ్ తగ్గించండి ముందు.

కాలర్: ఆ తగ్గించానండి. తెనాలి నుంచి మేడమ్, మాది డీటీపీ షాపు, శుభలేఖలు ఫ్లెక్సీలు చేస్తాం, మొన్న ఒక పెళ్ళి కార్డు, రెండు వైపుల వాళ్ళ పేర్లు అన్నీ అను ఫాంట్‌లో కొట్టి పేజ్‌మేకర్ అలా ఓపెన్‌లోనే ఉంచి పదకొండింటికి షటర్ వేసి వెళ్ళా, పొద్దున వచ్చి చూస్తే సిస్టం రీస్టార్ట్ అయి లాగిన్ స్క్రీన్ ఉంది, కార్డు లేదు, అసలు ఈ అప్‌డేట్ శాశ్వతంగా తీసేయొచ్చా సర్?

నిపుణుడు: సేవ్ చేశారా?

కాలర్: లేదండి, పొద్దున చేద్దామని...

నిపుణుడు: సేవ్ చేయకుండా కుర్చీలోంచి లేవద్దు, ఇది నేను ప్రతి వారం చెప్తా. సరే, మీది విండోస్ 11 కదా, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అక్కడ యాక్టివ్ అవర్స్ ఉంటుంది. ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టండి. గరిష్ఠంగా 18 గంటలిస్తుంది, మీరు పొద్దున 8 నుంచి రాత్రి 1 దాకా పెట్టుకోండి, ఆ టైంలో దానంతటది రీస్టార్ట్ చేయదు. అక్కడే రీస్టార్ట్ కావాల్సినప్పుడు చెప్పమనే బటన్ ఉంది, అదీ ఆన్ చేయండి.

కాలర్: బాగుంది సర్. అయితే మొత్తానికే ఆపేస్తే? మావాడు యూట్యూబ్‌లో చూసి సర్వీసే డిజేబుల్ చేశాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే లేచి కూర్చుంది.

నిపుణుడు: లేస్తుంది, అలాగే చేశారు దాన్ని. చూడండి, మీ షాపుకి రోజూ పదిమంది పెన్‌డ్రైవులు తెచ్చి గుచ్చుతారు, సెక్యూరిటీ అప్‌డేట్ లేకుండా ఎలా నడుపుతారు? సీజన్లో అడ్డొస్తే పాజ్ చేయండి, 5 వారాల దాకా ఆగుతుంది, అది అయ్యాక మాత్రం ఎక్కించాల్సిందే.

కాలర్: అంటే శాశ్వతంగా కుదర్దంటారు.

నిపుణుడు: కుదర్దు బాబూ, వద్దు కూడా! ఇంకోటి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్లు కనబడతాయి, ప్రింటర్ బాగా పనిచేస్తుంటే వాటి జోలికెళ్ళద్దు. ఆప్షనల్ అంటే ఐచ్ఛికం, అవసరమైతేనే.

కాలర్: థాంక్స్ సర్, ఇంకొక చిన్న డౌట్, మా తమ్ముడి లాప్‌టాప్...

యాంకర్: చాలామంది వెయిటింగ్‌లో ఉన్నారండి, థాంక్యూ. నెక్స్ట్ కాలర్?

కాలర్: వరంగల్ నుంచి సర్, హాస్టల్ల ఉంట, ఫోన్ హాట్‌స్పాట్ పెడితే డేటా మొత్తం లాప్‌టాప్ అప్‌డేట్‌కే పోతుంది.

నిపుణుడు: ఆ వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చెయ్యి తమ్ముడూ, అంటే ఈ నెట్‌కి డేటా లిమిట్ ఉందని సిస్టంకి చెప్పినట్టు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మీటర్డ్ మీద కూడా డౌన్‌లోడ్ చేయమనేది ఆఫ్‌లో ఉండాలి. కొత్త అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం అమెరికాలో పొద్దున వదుల్తారు, మనకి రాత్రి అవుతుంది, తర్వాత కాలేజీ వైఫైలో ఎక్కించుకో.

యాంకర్: థాంక్యూ. హలో?

కాలర్: సర్, స్కూల్ ల్యాబ్‌లో 20 సిస్టమ్స్ ఉన్నాయి, అన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేస్తే నెట్ పడిపోతోంది.

నిపుణుడు: డెలివరీ ఆప్టిమైజేషన్ చూడండి. లోకల్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు మాత్రమే అని పెడితే ఒకదాంట్లోకి దిగింది మిగతావి దాన్నుంచే చాలావరకు తీసుకుంటాయి. ఇంటర్నెట్ అని ఉన్నది పెట్టకండి, మీ నెట్ నుంచి బయటివాళ్ళకి కూడా వెళ్తుంది. అప్‌లోడ్ లిమిట్ కూడా అక్కడే...

కాలర్: సర్వర్ ఒకటి పెట్టి...

యాంకర్: సారీ అండి, టైం అయిపోయింది. థాంక్యూ సర్.

నిపుణుడు: ఆ తెనాలి ఆయన వింటున్నారో లేదో గానీ, కంట్రోల్ ఎస్ నొక్కండి సర్.