లిబర్టీ, ఫ్రీడమ్, మల్లా ఆ య వత్తు

అక్క: రికార్డవుతాందా? సరే. ఈ వారం మాట లిబర్టీ. ఆ య వత్తు సంగతి మాత్రం ఎత్తొద్దు అబ్బీ.

అబ్బి: ఎత్తనులేక్కా. లిబర్టీ అంటే స్వేచ్ఛ, ఫ్రీడమన్నా స్వేచ్ఛే. అయిపాయె ఎపిసోడు.

అక్క: యాడ అయిపాయె! ఫ్రీడమ్ ఇంగ్లీషోళ్ల ఇంటి మాట. లిబర్టీ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా వచ్చింది, కోర్టు వాసన ఎక్కువ. మన రాజ్యాంగంలో 19వ అధికరణం ఫ్రీడమ్ అంటాది, 21 పర్సనల్ లిబర్టీ అంటాది.

అబ్బి: ఊరికే ఇచ్చేదాన్నీ ఫ్రీ అంటారు కదా?

అక్క: ఆ ఫ్రీకీ మన ప్రియానికీ వేరు ఒకటే.

అబ్బి: ఊరుకోక్కా! టమాటా ప్రియమైందంటే ధర పెరిగిందని. ఫ్రీ అంటే పైసా లేకుండా. యాడికి యాడ?

అక్క: మూలంలో అర్థం ఇష్టం. ఇష్టమైంది విలువైందని మనం ఖరీదు దాకా లాక్కొచ్చినాం. ఇంగ్లీషోళ్లకు ఇష్టులంటే మనోళ్లు, మనోళ్లంటే బానిసలు కానోళ్లు. ఫ్రెండు కూడా ఆ కుదురుదే. ఊరికే ఇచ్చేదనే అర్థం ఎనక చేరింది.

అబ్బి: మరి ప, ఫ ఎట్ల కలుస్తాయి?

అక్క: పితృ, ఫాదర్. పాదం, ఫుట్. ఇంగ్లీషు కుదురు భాషల్లో పాత ప చాలాచోట్ల ఫ అయింది. 1822లో గ్రిమ్ సూత్రం కట్టినాడు, పిల్లల కథల గ్రిమ్మే.

అబ్బి: ...ఒప్పుకుంటి. ఇంగ లిబర్టీకి తెలుగు స్వాతంత్ర్యం కదా, టవర్ క్లాక్ కాడ ఫ్లెక్సీల్లో య వత్తు...

అక్క: వచ్చినాడప్పా దావకు!

అబ్బి: స్వతంత్ర అభ్యర్థికి దీర్ఘమూ లేదు, య వత్తూ లేదు. స్వాతంత్ర్యానికి రెండూ కావాల. మధురం మాధుర్యమైనట్ల, పండితుడిది పాండిత్యమైనట్ల. దీర్ఘం పెట్టి వత్తు మింగితే ఎట్లక్కా? టైపులో త, పొల్లు, ర, పొల్లు, య, సున్న. రెండో పొల్లు మరిస్తే య ఇడిగా పడి స్వాతంత్రయం అయితాది.

అక్క: చాల్లే. జాబులో 'టేక్ ద లిబర్టీ ఆఫ్' అని రాస్తే అడక్కుండా చొరవ చేస్తాండానని, మర్యాదే. 'టేక్ లిబర్టీస్ విత్' అన్నావనుకో, చనువు మీరినాడని తిట్టు.

అబ్బి: సూడు, కొసన ఒక్క ఎస్సు! ఆ వత్తు కూడా...

అక్క: ఫోను చార్జింగ్ అయిపోతాంది. ఆ వైరు యాడ పెట్టినావు?