గ్యాస్ బిళ్ల వేసుకున్నారు సరే, మరి కిడ్నీ సంగతి?

నమస్తే అండి. ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మందుల షాపు కౌంటరు వెనక పదకొండేళ్లుగా నిలబడుతున్నాను. రోజూ వినే మాట ఒకటుంది. "నొప్పి బిళ్లతో పాటు గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నాను, ఇంకేం భయం?" ఈ మాట వింటే నాకు ఉండబట్టదు. అలా అనేవాళ్లు ఒంటి మీద శ్రద్ధ లేనివాళ్లేం కాదు. జాగ్రత్త పడ్డామనే ధైర్యంతోనే నెలల తరబడి మింగేస్తుంటారు.

గ్యాస్ బిళ్ల కాపాడేది పొట్టని, అదీ పూర్తిగా కాదు. కిడ్నీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మోకాలు వాచినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారవుతుంది. ఆ వాపూ నొప్పీ చాలావరకు దాని పనే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఇవన్నీ దాని తయారీకి అడ్డుపడతాయి. ఆస్పిరిన్ ఇలాగే పనిచేస్తుందని జాన్ వేన్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త 1971లో చూపించాడు, 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. చిక్కెక్కడంటే, అదే పదార్థం పొట్ట లోపలి పొరని కాస్తుంది, కిడ్నీలోకి రక్తం వెళ్లే దారిని తెరిచి ఉంచుతుంది. బిళ్లకి మోకాలేదో కిడ్నీ ఏదో తెలీదు. "సూదైతే పొట్టలోకి పోదు కదా" అంటారు కొందరు. సూది మందూ రక్తంలో కలిసి పొట్ట గోడ దాకా వెళ్తుందండి.

ఇప్పుడు చెరువు కింద మడిని తలుచుకోండి. చెరువు నిండుగా ఉంటే మదుం, అంటే తూము, కాస్త తెరిచినా మడి తడుస్తుంది. నీళ్లు తగ్గితే మదుం దగ్గర మనిషి తలుపు ఇంకా పైకెత్తి, ఉన్న నీళ్లే మడికి అందేలా చూస్తాడు. మన ఒంట్లో మడి కిడ్నీ, మదుం మనిషి ప్రోస్టాగ్లాండిన్. నొప్పి బిళ్ల ఆ మనిషిని ఇంటికి పంపేస్తుంది. ఒంట్లో ఏ జబ్బూ లేక, నీళ్లు బాగా తాగి, రెండ్రోజులు వేసుకుంటే మడికి తేడా తెలీదు. చెరువు నిండుగా ఉంది కదా. అందుకే "నాకేం కాలేదు" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

కానీ మనవాళ్లు బిళ్ల వేసుకునేది ఏ రోజు? ఉభాల రోజుల్లో. పొద్దుట్నుంచీ నడుం వంచి నాట్లు, ఒళ్లంతా చెమట, తాగింది రెండు చెంబుల నీళ్లు. సాయంత్రం షాపుకొచ్చి నడుం నొప్పికి బిళ్ల. వాంతులు, విరేచనాలు అయి ఒళ్లు నొప్పులన్నా అదే బిళ్ల. చెరువు అడుగంటిన రోజే మదుం మనిషిని పంపేస్తున్నాం!

బీపీ ఉన్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా వినండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మందులు మడికి దిగువ గట్టున చిన్న గండి తీసి లోపలి ఒత్తిడి తగ్గిస్తాయి. మంచి మందులే, కిడ్నీకి మేలు చేసేవే. మూత్రం ఎక్కువ పోయే బిళ్ల చెరువులో నీళ్లు తగ్గిస్తుంది. ఈ రెండూ వాడుతూ నొప్పి బిళ్ల కూడా కలిపితే? పైన మదుం దిగిపోయింది, కింద గండి ఉంది, చెరువులో నీళ్లు లేవు. పైగా కిడ్నీ నొప్పి పుట్టించి చెప్పదు, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంతుందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. బీపీ మందు మానెయ్యమని మాత్రం అర్థం చేసుకోకండి. నొప్పి బిళ్ల అడిగేటప్పుడు బీపీ మందు సంగతి చెప్పండి.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకోటి జరుగుతుంది. మోకాలికి పాతపట్నంలో చూపించుకుంటారు, నడుముకి బరంపురంలో. ఓ పెద్దమ్మ అలాగే రెండు చీటీల మందులూ తెచ్చి నా ముందు పెట్టింది. కంపెనీలు వేరు, పేర్లు వేరు, రంగులు వేరు. వెనక చిన్న అక్షరాల్లో రెండిటి మీదా ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములే. రోజుకి 200 దాటకూడని మందు, రెండూ రెండు పూటలా మింగి ఆవిడ 400 వేసుకుంటోంది. ఒక డాక్టరు చీటీ ఇంకో డాక్టరు చూడలేదు, ఆవిడకేమో చదువు రాదు. ఎక్కడికి వెళ్లినా ఇంట్లో వాడుతున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండమ్మా.

టైమైపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒక్క మోకాలో, ఒక్క చెయ్యో నొప్పయితే ముందు జెల్ రాయండి. డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే 6 శాతం దరిదాపుల్లోనే. పుండు మీద మాత్రం రాయకండి. బిళ్లే కావాల్సి వస్తే తిన్నాక, నీళ్లు బాగా తాగి, తక్కువ మోతాదు, తక్కువ రోజులు. ఒకేసారి రెండు రకాల నొప్పి బిళ్లలు వద్దు. జ్వరంతో ఒళ్లు నొప్పులుంటే డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే, మిగతా వాటితో రక్తస్రావం ముప్పుంది. గర్భిణులు, ముఖ్యంగా ఐదో నెల దాటినవాళ్లు, వేసుకోకూడదు. ఉబ్బసం, గుండె జబ్బు, అల్సర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వద్దు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చుట్టాలున్నవాళ్లు ఈ ముక్క వాళ్లకి ఫోన్లో చెప్పండి: క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువుంటే డాక్టరు చెప్పకుండా ఒక్క బిళ్ల కూడా మింగకండి.

విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం కనిపించినా, మూత్రం బాగా తగ్గి కాళ్లు వాచినా బిళ్ల ఆపేసి, తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చెయ్యండి. ఇటు ఒడిశాలోనూ అటు ఆంధ్రాలోనూ అదే నంబరు.